యాభై సెకన్ల మొక్కు

మా సీరియల్‌కు నాలుగు వందల ఎపిసోడ్లు దాటాయి. అందులో కథ ఉన్నవి ముప్పై ఉంటాయేమో. మిగిలినవన్నీ హీరోయిన్ భువన మెట్లు దిగుతుండగా ముగ్గురు మనుషులు తలలు తిప్పి చూడడమే. ఈ మాట నేనంటే తప్పులేదు. ఆ తలలు తిప్పించేది నేనే.

నా పేరు మంజు. పుట్టింది పళ్ళిపట్టు పక్కన, ఉండేది తిరువళ్ళూరులో. ఒక ప్రైవేటు బడిలో పద్నాలుగేళ్ళు తెలుగు చెప్పాను. ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే పిల్లలే, పరీక్ష మాత్రం తమిళంలో రాస్తే సులువని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరికి తరగతిలో నలుగురు మిగిలితే బడివాళ్ళు తెలుగు సెక్షన్ మూసేశారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, నా కొడుకు కూడా ఆ వెళ్ళిపోయినవాళ్ళలో ఉన్నాడు. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంటే, మద్రాసులో తెలుగు సీరియల్ తీసే కంపెనీ ఒకటి మాటలు రాసేవాళ్ళ కోసం వెతుకుతోందని తెలిసింది. అలా ఇందులో పడ్డాను.

సోమవారం లోకల్ రైలెక్కి మద్రాసు వెళ్ళి కథ చర్చలో కూర్చోవాలి. అక్కడ ఒక్కో ఎపిసోడ్‌కు ఐదారు వాక్యాలు తేలుస్తారు. దాన్ని వన్‌లైన్ అంటారు. ఛానల్ వన్‌లైన్‌కు సరేనంటే నేను ఇంటికొచ్చి దినానికొక ఎపిసోడ్ రాయాలి. ఇరవై రెండు నిమిషాలు. జ్వరం వచ్చినా ఇరవై రెండు నిమిషాలే, చెప్పడానికి ఏమీ లేకపోయినా ఇరవై రెండు నిమిషాలే.

పోయిన ఆడికృత్తిక పండగ అయిన వారానికి తిరుత్తణిలో మా రుక్మిణత్తను చూడబోయాను. అత్త మా నాయన చెల్లెలు. గుడి కొండకు పోయే దారిలో చిన్న ఇల్లు, వాకిట్లో కుట్టుమిషను. ఆమె భర్త సుబ్రమణ్యం మామ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను వెళ్ళేసరికి మామ అంగడికి పోయి ఉన్నాడు. అత్త జాకెట్టుకు హుక్కులు కుడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"మే మంజూ, నీ సీరియల్లో నా కత పెట్టాల."

"మామ చెప్తా ఉంటాడే, ఆ మొక్కు కతనా అత్తా?"

"అదే. ఆయన చెప్పేది కాదు. నేను చెప్పేది."

మామ చెప్పేది మా బంధువులందరికీ కంఠతా వచ్చు. ఏ పెళ్ళికి పోయినా పంక్తిలో కూర్చుని, సాంబారు వడ్డించేలోపల మొదలుపెడతాడు. "మా రుక్మిణి నా కోసరం నాలుగు తూర్లు మొట్ట కొట్టించుకునిందప్పా! మోకాళ్ళకాడికి జుట్టు. నేను చల్లంగా ఉండాలని స్వామికి ఇచ్చేసింది. ఇప్పుటి ఆడోళ్ళు ఇస్తారా?" మొట్ట అంటే గుండు. ఇస్తారా అన్నప్పుడు పంక్తిలో ఉన్న ఆడవాళ్ళందరి వైపూ ఒకసారి చూస్తాడు. మేము ఆకుల్లోకి చూసుకునేవాళ్ళం.

అత్త దారం పళ్ళతో తెంపింది.

"ఆయనకు అప్పుడు అనుమానం. ఎంత అనుమానమంటే, మన వీధోళ్ళు ఎవురన్నా బస్సెక్కితే టికెట్టు కొడతా కొడతానే నన్ను గురించి ఆరా తీసేటోడు. నేను వాకిట్లో తల దువ్వుకుంటే ఎవురి కోసరం అనేది. దువ్వుకోకుంటే ఎవురి మీద దిగులు అనేది. కుట్టు క్లాసుకు పోతానంటే, అంత జడేసుకోని బజార్లో పోతావా అనె. ఒక దినం కొండెక్కినా. మొట్ట కొట్టించుకోని, చందనం పూసుకోని ఇంటికొచ్చినా. ఏం మొక్కు అన్నాడు. నీ కోసరమే అన్నా. స్వామికి ఇచ్చినాక తప్పని ఎవురంటారు? మొట్టదాన్ని ఎవురు చూస్తార్లే అని ఆయనకు గూడా నిమ్మళమయిపోయె. మరుసటి వారం నుంచి క్లాసుకు పోయినా."

"తర్వాత?"

"జుట్టు భుజాలకాడికొచ్చె. మళ్ళా మొదులుపెట్టె. మళ్ళా కొండెక్కినా. ఆరేండ్లలో నాలుగు తూర్లు. అప్పుటికి నాకు సొంత మిషను వచ్చేసింది, ఆయనా అలిసిపోయినాడు."

ఇన్నేళ్ళు పంక్తుల్లో ఆకుల్లోకి చూసుకున్నందుకు సిగ్గేసింది.

"ఇది మామతో ఎప్పుడన్నా చెప్పినావా అత్తా?"

"నేను నోరు తెరిస్తే సగంలో అందుకుంటాడు. టీవీ మాట్లాడేటప్పుడు మాత్రం నోరెత్తడు. అది చెప్తే వింటాడు. నాకు అరవై ఎనిమిది, ఆయనకు డెబ్బై నాలుగు. ఆ పెండ్లిండ్లలో చెప్పే కత నేను ఇంక వినలేనమ్మే. ఒక్క తూరి నిజం ఆయన చెవిలో పడనీ. ఆ పొద్దు నేను పక్కన కూర్చోని ఉంటా. చాలు నాకు."

పెడతానత్తా అని మాటిచ్చాను. ఆ రోజు రైల్లో తిరువళ్ళూరు చేరేలోపలే మనసులో మూడు ఎపిసోడ్లు రాసేసుకున్నాను. నాలుగు వందల ఎపిసోడ్లలో మొదటిసారి, రాయడానికి నా దగ్గర ఏదో ఉంది.

సోమవారం చర్చలో చెప్పాను. కంపెనీలో కథలు చూసుకునేది గుహన్ అనే అతను. నలభై ఏళ్ళుంటాయి, గడ్డం తెల్లబడింది, ఫోను చేతిలోంచి కింద పెట్టడు. చెబుతున్నంతసేపూ కళ్ళార్పకుండా విన్నాడు.

"సూపర్ మేడమ్. జుట్టంటేనే ఎమోషన్. ఇది రెండు వారాల ట్రాక్."

నేను పొంగిపోయాను. ఎంత పిచ్చిదాన్నో. ఈ ఊళ్ళో సూపర్ అన్నాక వచ్చేది 'ఆనా' అనే మాటే. ఆనా అంటే అరవంలో 'కానీ'.

"ఆనా, హీరోయిన్ మొట్ట కొట్టించుకోకూడదు. ఆమె తలనూనె యాడ్‌లో ఉండాది. జుట్టు మీద చెయ్యి పెట్టకూడదని అగ్రిమెంటు. మొట్ట టోపీ కూడా పెట్టుకోదు, అడిగి చూసినా. పూముడి చేద్దాం. మూడు కత్తెర్లు, మూడు పాయలు. స్వామికి అంతే చాలు."

స్వామికి చాలు, నిజమే. మా ఆడవాళ్ళు సగంమంది పూముడే ఇస్తారు. మూడు పాయలిస్తే వీధిలో ఎవరికీ తేడా కనబడదు కదా, ఆమె మొగుడికి నిమ్మళం ఎలా కలుగుతుంది అన్నాను.

"అదే రెండోది మేడమ్. మొగుడు అనుమానపడకూడదు. మన హీరోకు లేడీస్ ఫాలోయింగ్ ఉండాది. ఆయన పెండ్లాన్ని అనుమానిస్తే గురువారం వచ్చే రేటింగు యాడికి పోతాదో తెలుసునా? ఇంకోటి. స్వామి సన్నిధిలో పోయి అబద్ధం మొక్కు మొక్కిందంటే వర్కౌట్ కాదు. హీరోకు ఏక్సిడెంటు పెడదాం. ఆయన ప్రాణం కోసరం ఆమె జుట్టిస్తుంది. క్లీన్."

పంక్తిలో మామ చెప్పే కథే. గుహన్ మా మామను చూడను కూడా చూడలేదు, అయినా అక్షరం పొల్లుపోకుండా అదే కథకు చేరాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక గంట అరిచాను. డైరెక్టర్ ఆనంద్‌రాజ్ మంచి మనిషి, నా వైపు జాలిగా చూస్తూ టీ తెప్పించాడు. అంతకంటే ఆయన చేయగలిగింది లేదు.

గుహన్ చెడ్డవాడని మీరనుకోకూడదు. అతను ఇంతకుముందు నడిపించిన రెండు సీరియళ్ళను ఛానల్ వాళ్ళు వారం గడువు ఇచ్చి ఆపేశారు. మా యూనిట్‌లో నూట ఇరవై మంది ఉన్నారు, మేకప్ అమ్మాయి నుంచి జనరేటర్ మనిషి దాకా. గురువారం వచ్చే అంకె కిందికి జారితే ముందు వాళ్ళకే అన్నం పోతుంది. ఆ భయం అతని ముఖంలో నాకు కనబడుతూనే ఉంటుంది. ఛానల్ వాళ్ళ ముఖాల్లో కూడా ఇంకేదో భయం ఉంటుందేమో, వాళ్ళను నేను చూడలేదు.

రాయను అని లేచి వచ్చేసి ఉండొచ్చు. రాలేదు. ఇంటికొచ్చి ఆ మూడు పాయల ఎపిసోడ్ నేనే రాశాను, బాగా రాశాను. భువన కన్నీళ్ళతో మెట్లెక్కుతూ తాళి కళ్ళకద్దుకునే చోట నేనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. అది తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

ఆ వారమంతా అత్త ఫోన్లు.

"ఎప్పుడొస్తాదే నా కత?"

"శనివారం అత్తా."

"మొట్ట ఉండాదా?"

"ఉండాదిలే."

అబద్ధం అలవోకగా వచ్చేసింది, రోజూ రాసే పనే కదా. ఇంకో సంగతి కూడా తెలిసింది. అత్త ఫోనులో నాతో అనేది విని, టీవీలో మా మొక్కు వస్తా ఉండాదని మామ వీధంతా చెప్పేశాడట. శనివారం చూడ్డానికి ఎదురింటివాళ్ళనూ పక్కింటివాళ్ళనూ పిలిచాడట. అత్త నోరు మూసుకుని ఊరుకుంది. తను అనుకున్నదే వస్తుందని ఆమె ధైర్యం. నలుగురి ముందు, తన పక్కన కూర్చుని, మామ తన కథనే మళ్ళీ వినబోతున్నాడు, దాన్ని నేను రాసిపెట్టాను. ఈసారి కన్నీళ్ళతో, పాటతో, మేనకోడలి చేతి రాతతో. ఆ తర్వాత అత్త ఎన్ని చెప్పినా ఇంకెవరు నమ్ముతారు? నాకు అన్నం సయించలేదు.

గురువారం ఆ ఎపిసోడ్ షూటింగు. హీరోయిన్ మాటలేవో నోటికి తిరగడం లేదని నన్ను రమ్మన్నారు. తిరువళ్ళూరులో రైలెక్కితే ఆడవాళ్ళ పెట్టెలో గుణ కనబడింది. గుణ జూనియర్ ఆర్టిస్టు. మా సీరియల్లో గుడి దగ్గర, పెళ్ళిలో, ఆసుపత్రిలో వెనకాల నడిచే జనంలో ఎప్పుడూ ఉంటుంది. పక్కకు జరిగి కూర్చోమని పిలిచింది. తల మీద తువ్వాలు. తువ్వాలు కింద నున్నటి గుండు, చెవుల వెనకాల ఇంకా చందనం.

"ఏమే ఇది?"

"మా అమ్మకు ఆపరేషన్ అయింది గదక్కా, మొక్కుంటి. నిన్ననే తిరుత్తణికి పోయొచ్చినా. ఇంక మూడు నెలలు నాకు పని ఉండదంట. జనంలో నిలబెడితే కెమెరా నా తల మీదికే పోతాదని ఏజెంటన్న తిట్టినాడు. అయినా ఒకతూరి మొగం చూపిద్దామని వస్తా ఉండా."

"కొన్నాళ్ళు ఆగి, షూటింగులు లేనప్పుడు ఇచ్చుంటే పోలా?"

"స్వామికి వాయిదా చెప్తామా అక్కా?" అని నవ్వింది.

షూటింగు పూందమల్లి దాటాక ఒక పాత కల్యాణ మండపంలో. ఆ మండపాన్నే తిరుత్తణి కొండగా మార్చారు. గుండ్లు కొట్టే చోటని ఒక మూల నీళ్ళ తొట్టి, రెండు పీటలు, మంగలి వేషంలో ఒక ముసలాయన. హీరోయిన్ వచ్చింది, మూడు పాయలిచ్చింది. అవి సవరం లోంచి తీసిన పాయలు. ఏడ్చింది, సాయంత్రం నాలుగింటికల్లా యాడ్ షూటింగు ఉందని వెళ్ళిపోయింది. అయిదింటికి ఎడిటింగు గది నుంచి ఫోను వచ్చింది. ఎపిసోడ్ యాభై సెకన్లు తక్కువ. శనివారం ప్రసారానికి ఆ రాత్రే పంపాలి.

ఇలాంటప్పుడు మా పద్ధతి ఒకటుంది. పాత ఎపిసోడ్లలోంచి భువన పెళ్ళి ముక్కను తీసి, నిదానంగా నడిపించి, పాట వేసి అతికిస్తారు. ఆనంద్‌రాజ్ ఆ పెళ్ళి ముక్క కోసం చెప్పబోతున్నాడు.

"సార్, పెళ్ళి ఇప్పటికి పదకొండుసార్లు వేసినాము" అన్నాను. "యాభై సెకన్లు నేను రాసిస్తా. సెట్ అట్లనే ఉంది, మంగలి ఉన్నాడు. మొట్ట కూడా సిద్ధంగా ఉంది. అదిగో, గుణ."

ఆనంద్‌రాజ్ గుణ తల వైపు చూసి, గుహన్‌కు ఫోన్ కలిపాడు. స్పీకర్‌లో గుహన్ గొంతు అలసటగా వచ్చింది.

"హీరోయిన్ లేదు గదా అందులో? హీరో పేరు రాదు గదా? అట్లయితే ఎవరేం చెప్పుకున్నా పరవాయిల్లే. ఊరి మనిషి గదా. యాభై సెకన్లు దాటకూడదు."

కాల్‌షీటు కాగితం వెనకాల రాశాను. పది నిమిషాలు పట్టి ఉంటుంది. పీట మీద గుణ కూర్చుని ఉంటుంది. మంగలి కత్తి పక్కన పెట్టి, 'ఏం మొక్కు తల్లీ?' అని అడుగుతాడు. 'మా ఆయన అనుమానానికి.' 'అనుమానం పోవాలనా?' 'పోదన్నా. గుండుంటే కుట్టు నేర్చుకోడానికి పోనిస్తాడు. జుట్టు పెరిగాక మళ్ళీ వస్తాను. ఊళ్ళో మాత్రం, తను చల్లగా ఉండాలని నేను మొక్కానని చెప్పుకుంటాడు. చెప్పుకోనీ.' అంతే.

గుణకు తెలుగు చదవడం రాదు. చదివి వినిపించాను. రెండుసార్లు విని, ఎవరిదక్కా ఇది అంది. మా అత్తది అన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా పోయి పీట మీద కూర్చుంది. ఒకే టేక్. చెప్పుకోనీ అన్నాక, నేను రాయకుండానే, అరచేత్తో తల మీద చందనాన్ని ఒకసారి తడుముకుంది. ఆనంద్‌రాజ్ కట్ చెప్పడం కాస్త ఆలస్యమైంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ వారంలో మొదటిసారి ఆ రోజు కడుపునిండా తిన్నాను.

శనివారం మధ్యాహ్నం తిరుత్తణికి పోయాను. రైలు తిరువాలంగాడు దాటుతుంటే మళ్ళీ గుబులు. యాభై సెకన్లు. అదీ ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి నోట. మామకు తగులుతుందా? అత్త అడిగింది ఇది కాదు కదా?

సాయంత్రం ఆరున్నరకు ప్రసారం. మామ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎదురింటి రత్నస్వామి, ఆయన భార్య, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు చాప మీద. అత్త గోడకానుకుని కింద కూర్చుంది. నన్ను పక్కకు లాక్కుంది.

హీరోకు ఏక్సిడెంటు అయింది. భువన మెట్లెక్కింది. నేను రాసిన ప్రతి మాటకూ మామ తల ఊపుతున్నాడు. మూడు పాయలు కత్తిరించేటప్పుడు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"మొట్టే ఇచ్చింది మా రుక్మిణి, ఇది మూడు పాయలకే ఏడస్తా ఉండాది" అని రత్నస్వామితో అన్నాడు.

అత్త నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ చూపులో. ఇంతేనా అన్నట్టు చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగింది. ఆ చూపును నేను చచ్చేదాకా మరిచిపోను. ఉండత్తా, ఇంకా ఉండాది అని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

గుణ వచ్చింది. ఆమెతోబాటు ఒక సంగీతం వచ్చింది. టొయ్ టొయ్‌మని, బకెట్ దొర్లినట్టు. మా వాళ్ళు ఆ సీన్‌ను హాస్యం చేసిపెట్టారు. ఏడుపు తర్వాత జనానికి కాస్త నవ్వు ఉండాలని ఎవరో అనుకుని ఉంటారు. నాకు చెప్పనైనా చెప్పలేదు. గుణ అంత నిదానంగా మాట్లాడుతుంటే ప్రతి మాట చివరా టొయ్‌మంది. చాప మీద ఆడవాళ్ళు నవ్వారు. మామ మోకాలి మీద చరుచుకుని మరీ నవ్వాడు.

"చూడప్పా రత్నసామీ! ఆ మొగుడు ఎంత పనికిమాలినోడో! పెండ్లాన్ని మొట్ట జేస్తే గానీ బయటికి పంపడంట! వాడూ ఒక మగోడే, థూ!"

"అది నువ్వే" అంది అత్త.

పెద్దగా అనలేదు. సూది అందుకోమన్నట్టు అంది. అయినా అందరికీ వినబడింది.

"ఏందే?"

"ఆ మొగుడు నువ్వే. నాలుగు తూర్లూ నేను మొట్ట కొట్టించుకునింది అందుకే. నీ ప్రాణం కోసరం కాదు. కుట్టు క్లాసు కోసరం."

రత్నస్వామి భార్యకు ఉన్నట్టుండి పొయ్యి మీది అన్నం గుర్తొచ్చింది. రత్నస్వామి ఆమె వెనకాలే లేచాడు. రెండు నిమిషాల్లో చాప ఖాళీ అయిపోయింది. టీవీలో ఎవరో సబ్బు గురించి చెబుతున్నారు. మామ నా వైపు తిరిగాడు.

"ఏం మంజూ, ఇది నువ్వు కల్పించి రాసిందేనా?"

"అత్త చెప్పింది మామా. నేను రాసినా."

"అట్లయితే ఆ పొద్దు ఇంటికొచ్చి నా కోసరమే అని..."

"ఉండు" అంది అత్త. "నన్ను చెప్పనీ."

మామ నోరు తెరిచి మూసుకున్నాడు. అత్త చెప్పింది. వాకిట్లో తల దువ్వుకోవడం దగ్గర మొదలుపెట్టి, నాకు చెప్పినవీ చెప్పనివీ అన్నీ చెప్పింది. మొదటిసారి చల్లటి నీళ్ళు తల మీద పడ్డప్పుడు ఒళ్ళంతా తేలికైపోయిందని చెప్పింది. క్లాసులో తోటి ఆడపిల్లలు ఎగతాళి చేస్తే తనూ వాళ్ళతోబాటు నవ్విందని చెప్పింది. ప్రతి పెళ్ళిలోనూ మామ ఆ కథ మొదలుపెట్టగానే చేయి కడుక్కునే నెపంతో పంక్తిలోంచి లేచి పోయేదాన్నని చెప్పింది. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, ఏడవలేదు. నా సీరియల్ అయిపోయి ఇంకొకరి సీరియల్ మొదలైంది. ఇరవై రెండు నిమిషాలకు పైనే మాట్లాడి ఉంటుంది. అందులో తీసేయదగ్గ మాట ఒక్కటీ లేదు.

ఆమె ఆపాక మామ తన చేతుల్ని చూసుకున్నాడు.

"అది అప్పుటి సంగతి రుక్మిణీ" అన్నాడు. "ముప్పై ఏండ్లయింది నేను నిన్ను ఒక మాట అని. ఇప్పుడు నాకు అనుమానం లేదు గదా?"

"నీ అనుమానం యాడికీ పోలా. నా వయసు పోయింది. అంతే."

నాకు మామ మీద జాలి వేసింది, చెప్పొద్దూ. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, నలుగురినీ పిలిచి, గర్వంగా కూర్చున్న మనిషి. ఇప్పుడు చూస్తే కండువాలో చిన్నగా అయిపోయాడు. లేచి పోదామా అనుకున్నాను, అత్త నా చెయ్యి వదల్లేదు.

"నీకు తెలియంది ఒకటుండాది" అన్నాడు మామ. ఆమె వైపు చూడకుండా, నేలకు చెబుతున్నట్టు. "ఇన్నేండ్లుగా ఎవురికీ చెప్పలా. తెల్లారి డ్యూటీకి పొయ్యే ముందర, నూనె సీసా మీద పెన్సిల్తో గీత గీసి పోతా ఉంటి. నేను లేనప్పుడు తలకు నూనె పెట్టుకోని ముస్తాబవుతావేమో అని. రాత్రికొచ్చి చూసుకునేటోణ్ణి. నీకు తెలీదు."

"తెలుసు" అంది అత్త. "నువ్వు గీసేది మర్చిపోయిన దినాల్లో నేనే గీస్తా ఉంటి. లేకుంటే చెరిపేసినానంటావు గదా."

మామ రెండు చేతులతోనూ ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అత్త ఆయన మీద చెయ్యి వేయలేదు, అక్కడి నుంచి లేచి కూడా పోలేదు.